తప్పు అట్ట

పెద్ద వరద తర్వాత పదహారో ఎండాకాలంలో జరిగింది ఇది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే ఊళ్ల మీద పడిన వరద. గద్వాలలో మా మగ్గాల వీధిదాకా నీళ్లు రాలేదు. అయినా ఆ యేటి నుంచే మేమంతా లెక్క పెట్టుకుంటాం. కురుమూర్తి మా ఇంట్లో నేతకు కూర్చున్నది వరద యేడు. నా మనవరాలు వైష్ణవి బడికి పోవడం మొదలుపెట్టిందీ ఆ యేడే.

కురుమూర్తి వరసకు నా తమ్ముని కొడుకు. మా ఇంటి వెనక రెండు గదుల్లో అతనూ, భార్య జోగులమ్మా ఉంటారు. మా కొట్టంలో, నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి నేసే రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి అతనిది. రాఘవేందర్ సేటు పట్టు, జరీ తూచి ఇస్తాడు. చీర నేశాక తూచి తీసుకుంటాడు. కురుమూర్తికి భూమి లేదు, సొంతిల్లు లేదు. తూకం తప్పడన్న పేరు ఒక్కటి ఉంది. ఆ పేరు ఉన్నన్నాళ్లే మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు ఇస్తారు. జరీ అమ్ముకున్నాడని ఒక్కసారి తెలిస్తే గద్వాలలో ఏ సేటూ గడప ఎక్కనివ్వడు. ఆ ఎండాకాలం అతనికి ఆ పేరే పోయే గతి పట్టింది. అందులో నా పాలు ఉంది. అందుకే చెబుతున్నాను.

వైష్ణవి తల్లిదండ్రులు వనపర్తిలో చీరల దుకాణం నడుపుతారు. పిల్ల డిగ్రీ అయ్యాక హైదరాబాదులో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే పని నేర్చుకుంది. కంపెనీ ఇంటి నుంచే చెయ్యమంది. దుకాణం ఇంట్లో సందడి ఎక్కువని మా దగ్గరికి వచ్చి ముందు గదిలో కూర్చుని పని చేసుకునేది.

ఒకరోజు పొద్దున నన్ను పిలిచింది.

"తాతా, జర ఇటు రా. నువ్వొకటి చూడాలె. చదవకు, ఉత్తగ చూడు."

"చదువొస్తే గద చదవకుండ ఉండేది," అన్నాను.

మూడు పేజీలు చూపించింది. ఒకటి క్రికెట్, ఒకటి కబడ్డీ, ఒకటి ఫుట్‌బాల్. ఒకదాంట్లో నొక్కే గుండీ పచ్చగా, కింద కుడివైపు ఉంది. ఇంకోదాంట్లో ఎర్రగా, పైన ఉంది. మూడోదాంట్లో నీలంగా, నడుమ ఉంది.

"మూడిండ్లల నేసిన చీర లెక్కుంది," అన్నాను.

"గదే తాతా. ముగ్గురు మూడు తీర్ల చేసిండ్రు. ఒక పేజీల నుంచి ఇంకోదాంట్లకు పోంగనే మనుషుల చెయ్యి ఆగుతుందంట. ఆగితే ఎల్లిపోతుండ్రంట. అన్నీ ఒక్క తీరుగ చేసుడే నా పని."

"ఏం సైటు?"

"ఆటలది."

ఎవరు ఎన్ని పరుగులు కొట్టారో చెప్పేది కాబోలు అనుకున్నాను. మళ్లీ అడగలేదు. అడిగే అలవాటు నాకు తక్కువ.

పిల్లను కొట్టంలోకి తీసుకుపోయి మగ్గం మీద వేలాడే అట్టలు చూపించాను. చిల్లులు కొట్టిన అట్టలు, వరసగా దారంతో కుట్టినవి. ఏ చిల్లు ఎక్కడుంటే ఆ పోగు లేస్తుంది, అంచు మీద బొమ్మ పడుతుంది. ఒక్క అంచుకు ఒక్క కట్ట. అదే కట్టకు నకళ్లు కొట్టించి పది మగ్గాలకు ఇస్తే పది మగ్గాల మీదా అదే గోపురం అంచు వస్తుంది. నేసేవాడు ఎవడైనా సరే.

"అట్టలు ఒక్కటైతే అంచు ఒక్కటి. ఇంకోటి, అడ్డపోగు తోలే నాడె రోజూ చేతికి ఒక్క తావుల్నే దొరకాలె. అప్పుడు కన్ను దాని పని అది చేస్తది, చెయ్యి దాని పని అది చేస్తది," అన్నాను.

ఆ పూట నేను మాట్లాడింది అంతే. పిల్ల దాన్ని రాసుకుంది. అట్టల ఫొటోలు తీసుకుంది. నెల రోజుల్లో ఒక కట్ట తయారు చేసింది. ఒక గుండీ, ఒక పెట్టె, ఒక వరస, పేర్లు రాసే ఒక పట్టీ. వాటిని కాంపోనెంట్లు అంటారట. ఏ ఆట పేజీ అయినా వాటితోనే కట్టాలి. పచ్చ గుండీ ఎప్పుడూ కింద కుడివైపే. అవునంటే అదే. కానియ్యి అంటే అదే.

తయారయ్యాక ఎవరితోనైనా నొక్కించి చూడాలంది. ఇంగ్లీషు రానివాళ్లయితే మంచిదట. కురుమూర్తిని కూర్చోబెట్టి తన రెండో ఫోను చేతికిచ్చింది.

"ఉత్తుత్తి పైసలు చిన్నాయనా. నీకు మనసొచ్చిన తావుల నొక్కు."

మొదటి రోజు వెతుక్కున్నాడు. రెండో రోజు వెతకలేదు. మూడో రోజు నాతో పడుగు సంగతి మాట్లాడుతూనే నొక్కాడు. కన్ను నా మీద ఉంది. బొటనవేలు మాత్రం పోయి పచ్చ గుండీ మీద వాలింది.

"చూసినవా తాతా, చిన్నాయన చూడకుండనే నొక్కుతుండు," అని వైష్ణవి సంబరపడింది.

జోగులమ్మ బిందెతో పోతూ ఆగింది. "పెండ్లయ్యి ఇరువై ఏండ్లాయె. నా మొకం ఎట్లుంటదంటే ఇప్పటికీ చెప్పలేడు. గా డబ్బా మాత్రం మూడొద్దులకే కండ్లు మూసుకున్నా తెలుస్తుంది."

"నీ మొకం మీద పచ్చ గుండీ లేకపాయె," అన్నాడు కురుమూర్తి.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నేతగాని చెయ్యి అంటే అదీ అని లోపల గర్వపడ్డాను కూడా.

ఆ గర్వంలోనే నోరు జారాను. తప్పు అట్ట సంగతి పిల్లకు చెప్పాను. ఇది మా నాయన పెట్టిన పద్ధతి. కట్టలో ఒక అట్టకు కావాలనే తప్పుగా చిల్లులు కొట్టేవాడు. అది రాగానే మేము అట్టలు తిప్పే తాడు ఇంకోసారి లాగి దాన్ని దాటిస్తాం. మా ఇంటి చేతులకే తెలుసు. ఎవడైనా మా కట్టకు దొంగచాటుగా నకలు కొట్టించుకుంటే, అంతా సరిగ్గానే నేస్తాడు, ఆ ఒక్క తావున గోపురం మీద అడ్డగీత పడుతుంది. అంతా ఒక్క తీరుగా ఉంటుంది కాబట్టే ఎవడూ అక్కడ ఆగి చూడడు.

పిల్ల చాలాసేపు నవ్వింది. "మస్తుంది తాతా. మా మీటింగుల చెప్తా."

చెప్పింది. కంప్యూటర్‌లోంచి వాళ్ల పెద్ద సారు జితేందర్ అనే అతని గొంతు నాకూ వినిపించింది. "మీ తాతకు నా నమస్తే చెప్పు," అన్నాడు.

ఆ తర్వాత ఇరవై రోజులకు పక్క మగ్గం చప్పుడు మారింది.

మగ్గం చప్పుడు నాకు ఊపిరి లెక్క. కురుమూర్తి మగ్గం ఒక్క తీరుగా నడిచేది. ఇప్పుడు ఇరవై పోగులకు ఒకసారి ఆగుతోంది. కాసేపాగి మళ్లీ మొదలవుతోంది. ఆగినప్పుడు గుంటలోంచి చిన్న వెలుతురు అతని గడ్డం కింద పడుతోంది. ఎండకు పట్టుపోగులు తెగుతుంటాయి, దానికే ఆగుతున్నాడేమో అనుకుందామంటే పోగులు తెగడం లేదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు; ఆ రెండూ ముడిపడే చోట మాత్రం వదులొస్తోంది. అతను లేచి పోయినప్పుడు నేను వేలు పెట్టి చూశాను. పదహారేళ్లలో ఆ వదులు ఎప్పుడూ లేదు.

ఒక మధ్యాహ్నం అతను మగ్గానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. కుడిచెయ్యి తొడ మీద ఉంది. బొటనవేలు కదులుతోంది. కిందికి, కుడికి. ఆగి, మళ్లీ కిందికి, కుడికి.

అతను లేచాక అతని ఫోను అడిగి చూశాను. అక్షరాలు తెలియకపోయినా గుర్తుపట్టాను. అదే పెట్టె, అదే వరస, కింద కుడివైపు అదే పచ్చ గుండీ.

"గిది మన పిల్ల చేసిందే గద?"

"ఔ పెద్దనాయనా. ఇంటిదే. అందుకే నమ్మకం."

"పందెమా?"

"చిన్నది. సరదకు."

అప్పుడే పిల్లను నిలదీయాల్సింది. అతని చేతిలోంచి ఫోను గుంజుకోవాల్సింది. రెండూ చెయ్యలేదు. నా మగ్గంలోకి దిగి నేసుకున్నాను. మాట్లాడని వాడిని మంచోడంటారు. అది నిజం కాదు.

ఆ వారం గడిచి ఆదివారం వచ్చింది. సాయంత్రం నాలుగు దాటాక జోగులమ్మ కొట్టంలోకి వచ్చింది. చేతిలో జరీ డబ్బా ఉంది. మూత తీసి నా ముందు పెట్టింది. పైన జరీ చుట్టిన రెండు కండెలు ఉన్నాయి. వాటి కింద పాత వార్తాపత్రిక ఉండలు చుట్టి పెట్టారు.

"మూడు చీరల జరీ మామా. అమ్ముకున్నడు. పొద్దుగాల సేటు తూకానికొస్తడు," అంది. ఏడవలేదు.

కురుమూర్తి గుంట గట్టున కూర్చుని ఫోను చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరికమ్మినవు?" అన్నాను.

"కర్నూలు నుంచొచ్చిన బేరగానికి. వాడు ఇంకా ఈణ్నే ఉన్నడు. పైసలిస్తే మళ్ల ఇస్తనన్నడు. పెద్దనాయనా, జర సేపు ఆగు. ఈ ఆట గెలుస్తున్న. గెలిస్తే మొత్తం వస్తది. తెల్లారేసరికి డబ్బా నిండుతది. ఇగ జన్మల దాని జోలికి పోను."

"గా మాట మొన్న కూడ అన్నవు," అంది జోగులమ్మ.

"మొన్న ఓడిన. ఈయాల గెలుస్తున్న."

ముగ్గురం అక్కడే ఉన్నాం. అతను చూస్తున్నాడు, మేము అతని ముఖం చూస్తున్నాం. మగ్గాలు రెండూ ఆగి ఉన్నాయి. వీధిలో మిగతా ఇళ్ల మగ్గాలూ ఆగి ఉన్నట్టు నాకు తోచింది. ఆదివారం కదా అనుకున్నాను. ఆదివారమైనా అంత నిశ్శబ్దం ఉండేది కాదు.

ఏడు కావస్తుండగా గెలిచాడు.

అతను అరవలేదు. ఫోను మా వైపు తిప్పి చూపించాడు. "సరిపోతది. ఇంక మిగులుతది గూడ," అన్నాడు.

"తియ్యి. ఫస్టు పైసలు బయటికి తియ్యి," అంది జోగులమ్మ.

తియ్యడానికి ఒకటి నొక్కాడు. పేజీ మారింది. ఇంకోటి నొక్కాడు. మారింది. ప్రతిసారీ కింద కుడివైపు పచ్చ గుండీ. అవును, కానియ్యి, అవును. నాలుగో పేజీ వచ్చింది. బొటనవేలు అలవాటు ప్రకారం పోయింది. కన్ను ఇంకా జోగులమ్మ మీదే ఉంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆ పేజీలో పైన సన్నగా, బూడిద రంగులో ఒక గీత లాంటి రాత ఉంది. అది వేరుగా ఉంది. అడ్డగీతలా ఉంది. ఆగు అనబోయాను. నా నోట మాట వచ్చేలోపు అతని వేలు వాలింది.

ఫోను ఒక చిన్న చప్పుడు చేసింది. గెలిచినప్పుడు చేసే చప్పుడే.

"ఏంది గిది?" అన్నాడు కురుమూర్తి. కాసేపు చూశాడు. "తియ్యమన్న గద. మొత్తం అవుతలి ఆట మీదికి పోయింది."

"యాన్నుంచో మళ్ల గుంజు," అంది జోగులమ్మ.

"గుంజనిస్తలేదు."

తర్వాతి ఆట ఏడున్నరకు మొదలైంది. మొదటి ఓవరు మీద పెట్టిందట ఆ పందెం. మొదటి ఓవరు అయ్యేసరికి ఫోనులో సున్న మిగిలింది. పదహారేళ్లు మా ఇంటి తప్పు అట్టను చూడకుండా దాటించిన చెయ్యి అది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేరేవాళ్లదాన్ని చూసినట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను ఫోను తీసుకుని ముందు గదిలోకి పోయాను. వైష్ణవి కంప్యూటర్ ముందే ఉంది. ఆ నాలుగో పేజీలాంటి పేజీయే ఆమె తెర మీద కూడా ఉంది.

"గిది నువ్వు చేసిందేనా?"

చూసింది. "నా కాంపోనెంట్లే తాతా. ఎందుకు?"

"తీసుకునే గుండీ ఏది?"

పైన ఉన్న బూడిద రాతను చూపించింది.

"మరి పచ్చది?"

"వచ్చిందంత మళ్ల పందెం పెట్టేది." నా చేతిలోని ఫోను వైపు చూసింది. "చిన్నాయన నొక్కిండా?"

జరీ డబ్బా సంగతి చెప్పాను. పిల్ల ముఖం పాలిపోయింది.

"అది మొన్ననే పెట్టినం తాతా. అది జితేందర్ సార్ ఐడియ. నువ్వు చెప్పిన తప్పు అట్ట మీటింగుల చెప్పిన గద. అన్ని పేజీలు ఒక్క తీరుగుంటే, ఒక్క తావుల మారిస్తే ఎవ్వరు చూడరు గద అన్నడు. కొంతమందికే పెట్టి చూసినం. చిన్నాయన అండ్ల ఉన్నడని నాకు తెల్వదు. అసలు ఆడుతుండనే తెల్వదు."

"మా నాయన దొంగోని కోసం పెట్టిండు," అన్నాను. "మీరెవరి కోసం పెట్టిండ్రు?"

పిల్ల తెర వైపు చూసింది. "కంపెనీ ఈ దేశంది గాదు తాతా. నాకు ఎవ్వరు కనపడరు. అంకెలే కనపడ్తయి. ఈ పేజీల అంకెలు మంచిగ వచ్చినయి అన్నరు."

"తీసెయ్యి."

"నేను తీస్తే ఇంకొకరు పెడ్తరు. రేపు మధ్యాహ్నం లోపట అన్ని ఆటలకు పెట్టాలె. కబడ్డీ, ఫుట్‌బాల్, అన్నింటికి. ఒక్క తీరుగుండాలె గద."

చివరి మాట అన్నాక తనే ఉలిక్కిపడ్డట్టు నా వైపు చూసింది. నేను అనాల్సింది కురుమూర్తి ఫోను చూసిన రోజే అనాల్సింది.

వెనక్కి వచ్చేసరికి జోగులమ్మ తన కొంగు చివరను కురుమూర్తి మణికట్టుకు ముడివేసి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నువ్వు పోయి పండు మామా. నేనున్న," అంది. ఆ ముడి రెండు వేళ్ల మందాన, గట్టిగా ఉంది. రాత్రి అతను లేచి ఎటైనా పోతాడేమోనని ఆమె భయం. అతను ముడి వైపు గానీ, ఆమె వైపు గానీ చూడలేదు.

పొద్దున లేచి ముఖం కడుక్కుని, పోయేది ఎందుకో జోగులమ్మకు చెప్పి, సేటు మా ఇంటికి బయలుదేరక ముందే నేనే సేటు ఇంటికి పోయాను. రాఘవేందర్ సేటు గద్దె మీద కూర్చుని తక్కెడ తుడుస్తున్నాడు. పక్కన గుమాస్తా ఉన్నాడు.

"ఏం శంకరయ్యా, నేనే వస్తుంటి గద."

"కురుమూర్తికిచ్చిన జరీ నేనమ్ముకున్న సేటు."

తక్కెడ తుడిచే చెయ్యి ఆగింది. "నువ్వా?"

"నేనే. వానికి తెల్వదు."

"ఈ వయసుల నీకేం అక్కెరొచ్చింది?"

"ఫోనుల పందెమాడిన."

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. సేటు నవ్వలేదు. "ఇంగ్లీషు అక్షరం రాదు నీకు. ఎట్ల ఆడినవు?"

"అక్షరం అక్కెరలేదు. చెయ్యికి అలవాటైతే సాలు."

సేటు నన్ను చూస్తూనే, గద్దె మీద వెలుగుతున్న తన ఫోనును బోర్లా పెట్టాడు. నేను అబద్ధం చెబుతున్నానని అతనికి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

"నీ మగ్గం మీదున్న పడుగు దించి పంపు. ఇగ నీకు ఈ ఇంట్ల నూలు పోగు గూడ లేదు. బయట నేను చెప్పకున్నా ఎట్లయిన తెలుస్తది," అన్నాడు.

"కురుమూర్తి పడుగు?"

"వానిది వాని మగ్గం మీద ఉండనియ్యి."

ఇంటికి వచ్చాను. ముందు గదిలో వైష్ణవి చెవులకు తీగలు పెట్టుకుని మెల్లగా మాట్లాడుతోంది. "అన్ని పేజీలకు సార్. మధ్యాహ్నం లోపట," అంటోంది. నన్ను చూసి కళ్లు దించుకుంది. మాట మాత్రం ఆపలేదు.

కొట్టంలో కురుమూర్తి మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. జోగులమ్మ అప్పటికే చెప్పినట్టుంది, నేను ఎక్కడికి పోయానో. తల ఎత్తలేదు. నేను నా గుంటలోకి దిగాను. పడుగు ఇంకా తొమ్మిది మూరలు మిగిలి ఉంది. కత్తెర తీసుకుని కుడి అంచు నుంచి మొదలుపెట్టి కోశాను. పక్క మగ్గం ఒకసారి ఆగింది. ఆగి, మళ్లీ నడిచింది. నేను చివరిదాకా కోసి, చుట్టి, బట్టలో కట్టి గడప దగ్గర పెట్టాను.